కొండ పలికిన మెడలు

నెలవలస వైద్యగది చిట్టా. రాస్తున్నది నర్సు బంగారమ్మ.

212వ రోజు, ఉదయం

నీటి గొట్టం మళ్లీ కారుతోంది. బిగించమని ముగ్గురికి చెప్పాను. ముగ్గురూ సరేనన్నారు, ఒక్కడూ రాలేదు. చివరికి నేనే పానా పట్టుకున్నాను. ఎడమ చేతిలో అది నిలవక రెండుసార్లు జారింది. ఇక్కడ జారిన వస్తువు తీరిగ్గా కింద పడుతుంది కాబట్టి అందుకోవడం కష్టం కాదు. ఆ చెయ్యి పాతికేళ్లుగా అంతే, నేను పట్టించుకోవడం మానేశాను.

ఈ పూట వచ్చినవాళ్లు నలుగురు. ఇద్దరికి కంట్లో ధూళి. ఒక మహానుభావుడు తవ్వకం బండికీ గోడకీ మధ్య బొటనవేలు పెట్టాడు. ప్రతి బండి మీదా ఇంతింత అక్షరాలతో 'తేలికనుకోకు' అని రాసే ఉంటుంది. చంద్రుడి మీద పుట్టిన పిల్లలు అమ్మ, అత్త తర్వాత నేర్చుకునే మాట అదే. రాళ్లు నింపిన బండిని ఇక్కడ ఇద్దరు కలిసి పక్కకి ఎత్తి పెట్టొచ్చు. అదే బండి పరుగులో ఉంటే ఆపడం ఎవరి తరమూ కాదు. వీడికి అదంతా తెలుసు, అయినా వేలు పెట్టాడు. కట్టు కట్టినంతసేపూ తిట్టాను.

నాలుగోది తవిటమ్మ. మా చెడుగుడు జట్టులో కూతకి వెళ్లే పిల్ల, పద్దెనిమిదేళ్లు. జబ్బేమీ లేదు, బొట్టు కోసం వచ్చింది. ఊరంతటికీ నేను అప్పని, అంటే పెద్దక్కని.

"నిన్న సాధనలో కొండ మళ్లీ పలికినాదప్పా," అంది. "రెండు సేతులూ జివ్వుమన్నాయి. మోసేతుల కాణ్ణించి వేళ్ల దాకా."

"ఎన్నోసారే ఇది?"

"నాలుగు. మా అయ్యకి మూడే."

కొండ అంటే మేము తొలుచుకుని బతుకుతున్న ఈ రాయి. ఆటలో దాని మీద తల ఆనించినప్పుడు చేతులు జివ్వుమంటే, కొండ మన దండం అందుకుని బదులు పలికిందని లెక్క. అందరికీ పలకదు. నాకూ ఇరవై ఆరో ఏట ఒకసారి పలికింది. తవిటమ్మ నుదుటిన పసుపూ కుంకుమా పెట్టాను. 'కొండ పలికింది, నాలుగోసారి' అని రాసుకున్నాను. సాయంత్రం ఆటకి తప్పకుండా రమ్మని నా చేత ఒట్టు వేయించుకుని వెళ్లింది.

212వ రోజు, సాయంత్రం

 ఇప్పుడే రాయాలి, రేపటికి మనసు దీన్ని తనకి అనువుగా సర్దేసుకుంటుంది.

ఆట ఆఖరి నిమిషానికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. తవిటమ్మ కూతకి వెళ్లి ఇద్దరిని తాకి గీత దాటి వచ్చేసింది. అక్కడ ఆగితే రెండు పాయింట్లు. ఊపిరి తెగకుండా మన వెనక గోడకి తల ఆనిస్తే ఇంకో రెండు. దాన్నే కొండదండం అంటాం. మొదట్లో వచ్చిన తవ్వకం వాళ్లు రాయిని తొలిచే ముందు దానికి నుదురు ఆనించి, తప్పు కాయమని వేడుకునేవారు. వాళ్లు నిలబడి ఆనించేవారు. ఇప్పటి పిల్లలు ఎగిరి ఆనిస్తారు.

తవిటమ్మ గీత దగ్గరే నేలని తన్ని లేచింది. ఎనిమిది బారల దూరం కాలు కింద పెట్టకుండా వెళ్లింది. దండానికి అడ్డం రాకూడదని చేతులు రెండూ వీపు వెనక కట్టుకుంది. గడ్డం రొమ్ముకి ఆనించి తల వంచింది. నడినెత్తి గోడకి తగిలింది.

చప్పుడు పెద్దగా రాలేదు. జనం అరుపుల్లో నాకైతే వినబడనే లేదు. తవిటమ్మ గోడ వెంట మెల్లగా జారింది. ఇక్కడ ఎవరు పడ్డా మెల్లగానే పడతారు. అలసిపోయినవాళ్లూ అంతే, చచ్చినవాళ్లూ అంతే. మాకు తేడా తెలియలేదు.

జట్టులో పోలినాయుడు అందరికంటే ముందు ఆమెని చేరాడు. నడుం దగ్గర ఒక్క చేత్తో పట్టి పైకి ఎగరేశాడు. గెలిచినవాళ్లని ఎగరెయ్యడం మాకు మామూలే, ఇక్కడ మనిషి బరువు ఎంతని. పట్టుకుని మళ్లీ ఎగరేశాడు. తల ఇటూ అటూ వాలుతోంది. నేను చప్పట్లు కొడుతున్నాను. ఆ మాట రాయకపోతే ఈ చిట్టా ఎందుకు?

మూడోసారి చేతుల్లోకి వచ్చినప్పుడు పోలి ఆమె మొహం చూశాడు.

"అప్పా," అని నన్ను పిలిచాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఈ పిల్ల కళ్లు నన్నే సూత్తన్నాయి. సేతులు మాత్రం రావట్లేదు."

అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. నేను వెళ్లి ఆమె తలని రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. తవిటమ్మ నవ్వబోయింది.

"పలికినాదప్పా. ఈసారి ఒల్లంతా పలికీసినాది. తరవాత మరేటీ నేదు."

213వ రోజు

విశాఖలో ఉన్న డాక్టర్ రెహనాగారితో రేడియోలో మాట్లాడాను. ఒక మాట వెళ్లి దాని బదులు రావడానికి మూడు క్షణాలు పడుతుంది. ఇన్నేళ్లూ ఆ మూడు క్షణాల్లో గోళ్లు చూసుకునేదాన్ని. ఈరోజు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

తీసిన ఎక్స్‌రేలు పంపాను. మెడలో ఐదో ఎముక చితికింది. ముక్క ఒకటి వెనక్కి వెళ్లి వెన్నుపాముని నొక్కుతోంది. తవిటమ్మ భుజాలు ఎత్తగలదు, మోచేతులు మడవగలదు. వేళ్లు లేవు, నడుం లేదు, కాళ్లు లేవు.

"ఎవరైనా వెనకనుంచి వచ్చి పడ్డారా?" అని డాక్టరమ్మ అడిగారు.

"ఎవరూ పడలేదు. తనే వెళ్లి తల ఆనించింది."

"తల ఎలా ఉంది? ఎత్తి ఉందా, వంచి ఉందా?"

"దండం కదండీ. వంచే ఉంది."

ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చారు. "మెడలో ఎముకలు ఏడు, బంగారమ్మగారూ. తల ఎత్తి ఉన్నప్పుడు ఆ వరస కాస్త వంపు తిరిగి ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ వంపు కొంత, చుట్టూ ఉన్న కండ కొంత మింగేస్తాయి. గడ్డం దించితే వంపు పోయి ఏడూ ఒకదాని మీద ఒకటి కర్రలా నిటారుగా నిలబడతాయి. అప్పుడు నెత్తి గోడకి తగిలితే తల ఆగుతుంది. ఒళ్లు ఆగదు. వెనకనుంచి వస్తూనే ఉంటుంది. రెండింటి మధ్యా ఇరుక్కున్నది మెడ."

"కానీ ఇక్కడ ఆ పిల్ల బరువు తొమ్మిది కిలోలే డాక్టరమ్మా."

మూడు క్షణాలు గడిచాయి. ఇంకో మూడు గడిచాయి.

"తూకం తొమ్మిది కిలోలు. గోడకి వెళ్లి తగిలింది మాత్రం యాభై నాలుగు కిలోల మనిషి. అంత మనిషినీ ఆపడానికి అడ్డం ఉన్నది ఆ మెడ ఒక్కటే. పైగా మీ పిల్లలు అక్కడే పుట్టారు. తల తేలిగ్గా ఉంటే మెడకి కండ ఎక్కడినుంచి వస్తుంది?"

 కళ్లముందు బండ్లు కనిపించాయి. తేలికనుకోకు. నలభై ఏళ్లుగా ప్రతి బండి మీదా రంగుతో రాసుకున్నాం. ఏ బండికైనా వేలు అడ్డం పెట్టిన వాణ్ణి బుద్ధిలేనివాడా అని తిట్టాం. మనిషి కూడా అలాగే ఆగదని ఒక్క బుర్రకీ తట్టలేదు. నాకు కూడా తట్టలేదు.

భూమికి పంపడం కుదరదు, దిగేటప్పుడు కుదుపుకి ఆ మెడ నిలవదు. తలకి పట్టీ వేసి, తాడుకి ఐదు కిలోల బరువు వేలాడదీసి లాగి ఉంచమన్నారు. ఐదు కిలోల రాయి కట్టి వచ్చి కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది. వేలాడే బరువు ఇక్కడ ఆరో వంతే లాగుతుంది. పరిగెత్తి వెళ్లి ముప్పై కిలోల రాయి కట్టాను. బరువు తగ్గేచోట తగ్గదనుకుంటాను, తగ్గనిచోట తగ్గిందనుకుంటాను. నన్నెవరు నర్సుని చేశారో.

214వ రోజు

తవిటమ్మ తండ్రి గౌరునాయుడు. జట్టుకి ఆట నేర్పేది అతనే. పొద్దున హాలులో అందరి ముందూ పోలినాయుణ్ణి చెంప మీద కొట్టాడు. "ఇసిరీసినావురా నా పిల్లని. ముద్దలాగ ఇసిరీసినావు," అన్నాడు. ఎవరూ అడ్డు రాలేదు.

పోలి నా గది బయట గోడకి చేరబడి కూర్చున్నాడు. "నానే సంపీసినానప్పా," అంటాడు, ఇంకో మాట లేదు. ఎముక గోడ దగ్గరే విరిగిందని డాక్టరమ్మ చెప్పిన మాట వాడికి చెప్పాను. ఎగరెయ్యడం వల్ల ఇంకెంత చెడిందో తెలియదని కూడా ఆవిడ అన్నారు, అదీ చెప్పాను. అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు. వాడు తలూపాడు. కూర్చున్నవాడు లేవలేదు.

215వ రోజు

డాక్టరమ్మ మాటల్లో మాటగా అడిగారు. "ఇంతకుముందు ఎప్పుడైనా ఆ అమ్మాయికి చేతులు జివ్వుమనడం, మంటెత్తడం లాంటివి అయ్యాయా?"

"నాలుగుసార్లు," అన్నాను.

"ఏం చేశారు?"

బొట్టు పెట్టాను అని ఎలా చెప్పను? చెప్పాను. కొండ పలకడం గురించి మొత్తం చెప్పాను. 

"బంగారమ్మగారూ," అన్నారు ఆవిడ, ఎంత మెత్తగా అంటే నాకు భయం వేసింది. "అది మెడలో నరాలు నలిగితే వచ్చే జివ్వు. రెండు చేతుల్లోనూ వచ్చిందంటే వెన్నుపాముకే దెబ్బ తగిలినట్టు. వచ్చిన రోజే ఆట మాన్పించాలి. మీ ఊళ్లో ఇంకెంతమందికి అలా అయింది?"

చిట్టాలు తిరగేశాను. ముప్పై ఒక్కమంది.

216వ రోజు

ముప్పై మందికి ఎక్స్‌రే తీశాను. ముప్పై ఒకటో మనిషి మంచం మీద ఉంది. పదకొండు మెడల్లో పాత బీటలు ఉన్నాయి. కొన్ని అతుక్కున్నాయి, కొన్ని అలాగే ఉన్నాయి. అందరికంటే చిన్నవాడికి తొమ్మిదేళ్లు. వాడు బల్ల మీద పడుకుని, "కొండ కనబడతాదా అప్పా పటంలోన?" అని అడిగాడు.

ఆ పదకొండులో ఒకటి నాది. అందరూ వెళ్లాక చివరగా నేనే పడుకుని తీసుకున్నాను. ఆరో ఎముకకి పాత దెబ్బ. ఎడమ చెయ్యి ఎందుకు పట్టు తప్పుతుందో పాతికేళ్ల తర్వాత తెలిసింది. ఆ దెబ్బకి అప్పట్లో నాకు కొత్త చీర పెట్టారు. మా అమ్మ ఊరంతా అటుకులు పంచింది.

217వ రోజు

చిట్టాలు తిరగేస్తుంటే ఇంకో కాగితం కనబడింది. దాన్ని చూడకుండా ఉంటే బాగుండేదని మనస్ఫూర్తిగా అనుకున్నాను.

హాలు కట్టినప్పుడు వెనక గోడకి మందపాటి స్పాంజి పరుపులు బిగించి ఉండేవి. ఎందుకు పెట్టారో కట్టినవాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. పరుపులు ఉన్న రోజుల్లోనూ కొండ అప్పుడప్పుడు పలికేది. రెండేళ్ల కిందట గౌరునాయుడు వచ్చి, "దండం రాయికి పెట్టాల గానీ స్పాంజికి పెడతామేటప్పా," అన్నాడు. పరుపులు తియ్యడానికి నర్సు సంతకం కావాలి. బళ్లో పిల్లలు చల్లటి నేల మీద కూర్చుంటున్నారు, వాళ్ల కిందికి పనికొస్తాయిలే అనుకున్నాను. కాగితం మీద నా రాత ఇలా ఉంది: 'మనిషి బరువు ఆరో వంతే కాబట్టి ప్రమాదం లేదు. బంగారమ్మ.'

 పోలి ఇంకా బయట గోడకి చేరబడే ఉన్నాడు. చెంప దెబ్బ తిన్నది వాడు, సంతకం పెట్టింది నేను.

219వ రోజు

ఊరు ఊరంతటినీ హాలుకి పిలిపించి ఆ కాగితం చదివాను. పదకొండు ఎక్స్‌రేలూ చూపించాను, నాది కూడా. బండి ఉదాహరణ చెప్పాను. పోలిని ఏమన్నా అనాలంటే ముందు నన్ను అనమన్నాను.

 గౌరునాయుడు లేచాడు.

"నా కూతురికి కొండ పలికినాదని ఊరంతా తిప్పినాను. సంక మీదెట్టుకోని తిప్పినాను. అదంతా ఏటి మరి? దెబ్బ తగిలిన పిల్లనా నాను ఊరేగించినాను?"

నేను ఎక్స్‌రేలు అతని ముందుకి జరిపాను. 

"నువ్వు సెప్పినట్టే అయితే నానే సంపుకున్నట్టు," అని కూర్చున్నాడు. "నాను నమ్మను."

పెద్దలు తేల్చిన తీర్పు ఏమిటంటే, ఇకమీదట గెలిచినవాళ్లని ఎగరెయ్యకూడదట. అంతే. కొండదండం అలాగే ఉంటుంది. 223న పిల్లల ఆట కూడా జరుగుతుంది. మెడ విరిచిన గోడని వదిలేసి గాలిలోకి ఎత్తిన చేతుల్ని నిషేధించారు. ఇంటికి వచ్చి గిన్నెలన్నీ విసిరికొట్టాను. అవి కూడా మెల్లగానే పడ్డాయి.

221వ రోజు

బళ్లో చదివే పైడమ్మ వచ్చింది. ఎనిమిదేళ్లు. నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"బొట్టెట్టప్పా. నాకూ పలికినాది. రెండు సేతులూ."

 ఎక్కడ దూకావే అని అడిగాను.

"బడి ఎనకాల గోడకి. రోజూ దూకుతున్నాం, పన్నెండుగురం. కొండ పలికిన సేతుల్తో ముట్టుకుంటే తవిటప్ప మంచం మీంచి నెగుస్తాది కదా. నలుగురికి పలికినాదిప్పటికి. మిగతావోళ్లకి రేపు పలుకుతాది."

మెడ కదపవద్దని చెప్పి, ఆ పిల్లని బల్ల మీద పడుకోబెట్టాను. మెడకి రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టాను. నేనెందుకు ఏడుస్తున్నానో దానికి అర్థం కాలేదు. బొట్టు పెట్టమని ఇంకో రెండుసార్లు అడిగింది. ఎక్స్‌రేలో బీట కనబడలేదు, అయినా మెడపట్టీ వేశాను. బడికి పరిగెత్తి, పలికిన ముగ్గురికీ పట్టీలు వేసి, మిగతా పదకొండుమందినీ ఒక గదిలో పెట్టి తలుపు వేసి, కుర్చీ వేసుకుని అడ్డం కూర్చున్నాను. రేపు ఆపగలను. ఎల్లుండి హాలులో ఎవరు ఆపుతారు?

222వ రోజు

తవిటమ్మకి ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు. ఈ ఉదయం అన్నం తినిపిస్తూ అన్నీ చెప్పేశాను. సంతకం సంగతి చెప్పాను. పిల్లలు ఎందుకు దూకుతున్నారో చెప్పాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు నమిలింది.

"ఆల్లని తీసుకురా అప్పా," అంది.

పన్నెండుమందినీ మంచం చుట్టూ నిలబెట్టాను. తలకి కట్టిన పట్టీ, తాడు, వేలాడే రాయి చూసి పిల్లలు ఒకరి వెనక ఒకరు నక్కారు. పైడమ్మ మాత్రం మెడపట్టీతోనే ముందుకు వచ్చి తవిటమ్మ వేళ్లని రెండు చేతుల్తోనూ పట్టుకుంది.

"నెగువప్పా. పలికిన సేతులివి."

"నాకు తెలటం నేదే. ముట్టుకున్నావా నువ్వు?"

పైడమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడో?"

"తెలటం నేదు," అంది తవిటమ్మ. "ఇనండి ఇలాగ. అది కొండ గాదు. కొండ నాకెప్పుడూ పలకనేదు. పలికింది నా మెడ. సాలు ఆపీయమని నాలుగుసార్లు అరిసినాది. నానేమో బొట్టెట్టించుకున్నాను. అయిదోసారి ఇంక అరవనేదు."

పిల్లల్లో ఒకడు ఏడవడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గర అలికిడి అయింది. గౌరునాయుడు ఎప్పుడు వచ్చాడో, అక్కడ నిలబడి ఉన్నాడు. తవిటమ్మ తల తిప్పలేదు కాబట్టి తండ్రిని చూడలేదు. అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కోపంతో వెళ్లాడనుకున్నాను.

కాసేపటికి బడి వైపు నుంచి చప్పుళ్లు వినిపించాయి. వెళ్లి చూస్తే గౌరునాయుడు మోకాళ్ల మీద కూర్చుని నేలకి అంటించిన స్పాంజి పరుపుల్ని చేతుల్తో పీకుతున్నాడు. గోళ్ల నుంచి నెత్తురు కారుతోంది. పరుపు పొడుగ్గా ఉంది, ఒక్కడు మోస్తే రెండో కొస నేల మీద ఈడ్చుకుపోతోంది. ఎక్కణ్నుంచి వచ్చాడో పోలినాయుడు వచ్చి దూరంగా నిలబడ్డాడు. గౌరునాయుడు వాడి వైపు చూశాడు. చూసి, ఆ రెండో కొస ఎత్తి వాడి చేతికి ఇచ్చాడు.

223వ రోజు

పిల్లల ఆట జరిగింది. గోడకి పరుపులు ఉన్నాయి. అయినా ఎగిరి దూకడం లేదు. గీత దాటి వచ్చిన పిల్ల గోడ దాకా నడిచి, నిలబడి, చేత్తో తాకాలి. తాకితే రెండు పాయింట్లు. నియమం చెప్పింది గౌరునాయుడు. చెప్పేటప్పుడు మధ్యలో ఆగాడు, పోలి పూర్తి చేశాడు.

ఆట అయ్యాక పాత చిట్టాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'కొండ పలికింది' అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి 'మెడకి దెబ్బ' అని రాశాను. కొట్టివేతల పక్కన సంతకం పెడుతూ వెళ్లాను. నాది కూడా కొట్టేశాను.

తవిటమ్మ మొదటిది ఆరేళ్ల కిందటిది. అప్పుడు దానికి పన్నెండేళ్లు. నా రాతే: 'కొండ పలికింది. బొట్టు పెట్టాను. పిల్ల చాలా సంతోషపడింది. ఒక్కటే అడిగింది, కుడిచేతి వేళ్లు ఇంకా మొద్దుగా ఉన్నాయి, రేపు ఆడొచ్చా అని. ఆడమన్నాను.'

ఆ ఆఖరి మాటని కొట్టెయ్యలేదు. అలాగే ఉంచాను.